యార్మ్ వయాడక్ట్‌ను నేల మీద నిలబడే పరీక్షించే పద్ధతి

ఇంగ్లండ్ ఈశాన్యాన టీస్ నది మెలిక తిరిగే చోట యార్మ్ అనే చిన్న సంత పట్నం ఉంది. ఆ ఊరి పెరళ్ల మీదుగా, వాకిళ్ల మీదుగా, చివరికి నది మీదుగా 43 ఆర్చీల రైలు వంతెన, అంటే వయాడక్ట్, ఒకటి సాగుతుంది. పొడవు 2,280 అడుగులు, అంటే దాదాపు 695 మీటర్లు. 1849లో పని మొదలై 1851కల్లా కట్టడం పూర్తయింది. 1852లో లీడ్స్ నార్తర్న్ రైల్వే బళ్లు దాని మీద తిరగడం మొదలుపెట్టాయి. నార్తలెర్టన్ నుంచి ఈగల్స్‌క్లిఫ్ వెళ్లే ఆ మార్గంలో ఇవాళ్టికీ ప్రయాణికుల రైళ్లు, గూడ్సులు నడుస్తూనే ఉన్నాయి.

దీన్ని పరీక్షించాలంటే పట్టాల మీదికి ఎక్కనక్కర్లేదు. ఎక్కితే అది చట్టప్రకారం నేరం కూడా. ఆర్చి వంతెన బాగోగులు చాలావరకు కింది నుంచే తెలుస్తాయి. పైన పడ్డ వాన ఎక్కడ దిగుతోందో, ఏ స్తంభం కుంగిందో, ఏ గోడ బయటికి తోసుకొస్తోందో ఆర్చి పొట్టలోనూ స్తంభాల ఒంటిమీదా గుర్తులు పడతాయి. అయితే చూసే తీరుకు ఒక వరస ఉంది. ఎక్కువమంది మొదటి పగులు కంటబడగానే పక్కన కారణం కూడా రాసేస్తారు. అక్కడే పని చెడుతుంది. ముందు ఆ పగులు ఎక్కడుందో రాయాలి, తర్వాత నీటి జాడ చూడాలి, ఆ తర్వాత పగులు ఏ దిక్కుగా పోతోందో చూడాలి. కారణం జోలికి ఆఖరున వెళ్లాలి.

వెళ్లేముందు తెలిసి ఉండాల్సినవి

43 ఆర్చీల్లో 41 ఎర్ర ఇటుకవి. నది మీదున్న రెండూ రాతివి, పైగా ఏటవాలువి, అంటే నదిని నేరుగా కాక ఓరగా దాటేవి. ఇంజినీర్లు థామస్ గ్రెయింజర్, జాన్ బోర్న్. పని దగ్గరుండి చేయించింది జోసెఫ్ డిక్సన్. గుత్తేదార్లు ట్రౌస్‌డేల్, జాక్సన్, గార్బట్. ఈ పేర్లన్నీ వంతెన మీదే చెక్కి ఉన్నాయి. గ్రెయింజర్‌కు మాత్రం దాని మీద రైళ్లు తిరగడం ఎక్కువకాలం చూసే యోగం లేకపోయింది. మార్గం తెరిచిన 1852లోనే, జూలైలో, పక్కనున్న స్టాక్టన్‌లో జరిగిన రైలు ప్రమాదంలో గాయపడి చనిపోయాడు.

చారిత్రక కట్టడాల జాబితాలో దీనికి గ్రేడ్ 2 రక్షణ ఉంది. నెట్‌వర్క్ రైల్ (బ్రిటన్ రైలు మార్గాల యజమాని సంస్థ) నిపుణులు తమ లెక్కప్రకారం దీన్ని తనిఖీ చేస్తూనే ఉంటారు. ఏటా కంటితో చూసే తనిఖీ, కొన్నేళ్లకోసారి చేయి తగిలేంత దగ్గరగా వెళ్లి చేసే తనిఖీ అక్కడి రివాజు. మీరు చేసేది దానికి బదులు కాదు. ఊరి చరిత్ర సంఘానికో, సివిల్ ఇంజినీరింగ్ చదివేవాళ్లకో, పాత కట్టడాల మీద ఆసక్తి ఉన్నవాళ్లకో పనికొచ్చే రికార్డు మాత్రమే.

భాగాల పేర్లు ఒకేలా వాడండి. స్తంభం మీద ఆర్చి బయల్దేరే గీత ఆర్చి మొదలు. అన్నిటికన్నా ఎత్తైన చోటు నడినెత్తి. ఆ రెంటికీ మధ్య భుజం. కింద నిలబడి తలెత్తితే కనిపించేది పొట్ట. ఆర్చికీ పైనున్న పిట్టగోడకీ మధ్య, పక్కనుంచి చూస్తే మూడుమూలలుగా కనబడే గోడ పక్కగోడ. రెండు పక్కగోడల మధ్య మట్టి, రాళ్లు నింపి, దాని మీద కంకర, కంకర మీద పట్టాలు వేస్తారు.

ఒక్క విషయం బాగా గుర్తుంచుకోవాలి. ఇటుక ఆర్చి ఒకే మందపాటి ముద్ద కాదు. అర ఇటుక మందం, అంటే నాలుగున్నర అంగుళాల వలయాలు ఒకదాని మీద ఒకటి పేర్చి కడతారు. ఐదు వలయాలుంటే మాలు (ఇటుకలను అతికే సున్నపు ముద్ద) సందులతో కలిపి సుమారు రెండడుగుల మందం. ఒక వలయాన్ని మరో వలయానికి పట్టి ఉంచేది ఆ మాలే. మధ్యలో నీరు చేరి మాలు కరిగిపోతే వలయాలు దేనికది విడిపోతాయి. ఐదూ కలిసి మోయాల్సిన బరువు ఐదు పలచటి ఆర్చీల మీద విడివిడిగా పడుతుంది. ఇటుక వయాడక్టుల్లో అన్నిటికన్నా మొండి జబ్బు ఇదే. పైకి తేలిగ్గా బయటపడదు కూడా.

ఏ రోజు వెళ్లాలి

ఆకు రాలాక, అంటే నవంబర్ నుంచి మార్చి వరకు. వేసవిలో చెట్ల ఆకులు సగం పక్కగోడల్ని కప్పేస్తాయి. బాగా వాన పడ్డాక రెండో రోజో మూడో రోజో మంచిది. వాన మర్నాడే వెళ్తే కట్టడమంతా తడిగా ఉంటుంది, ఏది ఊటో ఏది వాన జల్లో తేడా తెలియదు. రెండ్రోజులు ఆగితే మామూలు ఇటుక ఆరిపోయి, లోపలి నుంచి ఊరే చోట్లు మాత్రమే ముదురు రంగులో మిగులుతాయి.

పొట్టలు చూడటానికి మబ్బు పట్టిన వెలుతురు నయం. ఎండ ఉంటే నీడలు పడి పగుళ్లలా భ్రమ పెడతాయి. పక్కగోడల ఉబ్బు పట్టుకోవాలంటే మాత్రం గోడ వెంబడే ఏటవాలుగా జారే ఎండ కావాలి. వంతెన ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా ఉంది కాబట్టి ఆ ఎండ తూర్పు ముఖం మీద మధ్యాహ్నానికి కాస్త ముందు, పడమటి ముఖం మీద కాస్త తర్వాత పడుతుంది. శీతాకాలపు గడియారంలో ఈ మలుపు పన్నెండు దగ్గర, వేసవి గడియారంలో ఒంటిగంట దగ్గర. ఆ అరగంటలో రెండంగుళాల ఉబ్బు కూడా నీడ వేస్తుంది. మిగతా వేళల్లో అదే గోడ చదునుగా కనిపిస్తుంది.

గడ్డకట్టే చలి వచ్చి కరిగిన వారంలో ఆర్చీల కింద నేల చూడండి. కొత్తగా రాలిన ఇటుక పెచ్చులు ఎరుపు తేలి, అంచులు పదునుగా ఉంటాయి. పాతవి మసిబారి, అరిగి ఉంటాయి. పెచ్చు ఎక్కడ పడిందో చూస్తే పైన ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.

నది ఒడ్డుకు దిగేముందు ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో టీస్ నీటిమట్టం చూసుకోండి. నీరు గోధుమరంగులో పరవళ్లు తొక్కుతుంటే ఆ రోజు ఒడ్డు పని మానుకోవాలి.

వెంట ఉండాల్సినవి

8×42 బైనాక్యులర్స్, గట్టి వెలుగునిచ్చే టార్చి, 30 మీటర్ల టేపు, లేజర్ దూరమాపకం, పగులు వెడల్పు కొలిచే పారదర్శక కార్డు, దారానికి కట్టిన గుండు, కెమెరా, అట్టకు బిగించిన కాగితాలు. హెల్మెట్ తప్పనిసరి. కెమెరా జూమ్ ఏ అంకె మీద పెట్టారో రోజంతా అదే ఉంచండి. ఫొటోలు తర్వాత పక్కపక్కన పెట్టి పోల్చాలంటే ఇది అవసరం.

సుద్దముక్క తీసుకెళ్లొద్దు. రక్షిత కట్టడం మీద గీతలు పెట్టే హక్కు మీకు లేదు. సుత్తి కూడా అంతే. నిపుణులు చిన్న సుత్తితో తట్టి, ఖంగుమంటే గట్టి, డొల్లమోత మోగితే వలయం విడింది అని గుర్తిస్తారు. అది యజమాని అనుమతితో చేసే పని. డ్రోన్ ఎగరేయాలన్న ఆలోచన కూడా వదిలేయడం మేలు. నడుస్తున్న రైలు మార్గం, కింద ఇళ్లు, దారిన పోయే జనం, అన్నీ ఒక్కచోటే ఉన్నాయి. బైనాక్యులర్స్‌తో తీరని అవసరం ఇక్కడ తక్కువ.

చాలా ఆర్చీల కింద సొంత జాగాలు, పెరళ్లు ఉన్నాయి. అడిగి వెళ్లండి, ఒప్పుకోకపోతే వదిలేయండి. వదిలేసిన ఆర్చి గడిలో "చూడలేదు" అని రాయాలి. ఖాళీ వదిలితే ఏడాది తర్వాత చదివేవాళ్లు అక్కడ లోపమేమీ లేదనుకుంటారు. ఇలాంటి రికార్డుల్లో పెద్ద తప్పులు చాలావరకు ఈ ఖాళీ గడుల నుంచే పుడతాయి.

నంబర్లు, గడులు

ఏదో ఒక చివర నుంచి ఆర్చీలకు 1 నుంచి 43 వరకు నంబర్లు వేసి, ఏ చివర నుంచి మొదలెట్టారో ప్రతి కాగితం మీదా రాయండి. రైల్వే వాళ్ల నంబర్లు వేరుగా ఉండొచ్చు, కాబట్టి "మన నంబరు" అని స్పష్టంగా చెప్పండి. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో పాత ఆర్డ్నెన్స్ సర్వే పటాలు ఉచితంగా దొరుకుతాయి. మైలు దూరాన్ని ఆరంగుళాల్లో చూపే పటం మీద ఆర్చీలు లెక్కపెట్టి గుర్తు పెట్టుకుని వెళ్తే, ఇళ్ల మధ్య దారి తప్పి ఒకే ఆర్చికి రెండు నంబర్లు వేసే పొరపాటు జరగదు. నది మీది రాతి ఆర్చీలు రెండూ ఎటూ మారని గుర్తు. ఎటునుంచి లెక్కపెట్టినా అక్కడికొచ్చేసరికి అంకె సరిపోయిందో లేదో చూసుకోవాలి.

ప్రతి పొట్టనూ పదిహేను గడులుగా విడగొట్టండి. పొడవున ఐదు: ఉత్తరపు మొదలు, ఉత్తరపు భుజం, నడినెత్తి, దక్షిణపు భుజం, దక్షిణపు మొదలు. అడ్డంగా మూడు: తూర్పు అంచు, నడుమ, పడమటి అంచు. 43 ఆర్చీలకు మొత్తం 645 గడులు. ఒక్కరోజులో అయ్యే పని కాదు, అవ్వాలని తొందర కూడా పడొద్దు. పొట్టను చాప పరిచినట్టు చదునుగా విప్పి గీసుకుంటే పగులు గీత ఉన్నదున్నట్టు గీయొచ్చు. పక్కనుంచి చూసినట్టు వంపు గీసుకుంటే దిక్కు పోతుంది.

కొలతలు

మొత్తం పొడవును 43తో భాగిస్తే ఒక్కో ఆర్చికి 53 అడుగులు వస్తుంది. ఆ అంకె వాడకండి. అందులో స్తంభాల మందం, రెండు చివరల కట్టడం, వేరే కొలతలున్న నది ఆర్చీలు అన్నీ కలిసిపోయాయి. నిజమైన స్పాన్, అంటే ఆర్చి రెండు మొదళ్ల మధ్య దూరం, మీరే కొలవాలి.

ఎత్తుకు ఇటుక వరసలే కొలబద్ద. స్తంభం మీద చేతికందే చోట పది వరసల ఎత్తు టేపుతో కొలవండి. అది 32 అంగుళాలు వచ్చిందనుకుందాం. ఒక్కో వరస మాలుతో కలిపి 3.2 అంగుళాలు. ఫొటోలో నేల నుంచి ఆర్చి మొదలు దాకా 180 వరసలు లెక్కకొస్తే ఎత్తు 576 అంగుళాలు, అంటే 48 అడుగులు. రెండు వేర్వేరు స్తంభాల మీద పది వరసలు కొలిచి సరిచూసుకోండి. ఇటుక కొలత తొమ్మిది, నాలుగున్నర, మూడు అంగుళాలు అని పుస్తకంలో చదివి లెక్కేస్తే తప్పుతుంది. 1784 నుంచి బ్రిటన్‌లో ఇటుకల మీద పన్ను ఉండేది. 1803 నుంచి 150 ఘనపు అంగుళాలు దాటిన ఇటుకకు రెట్టింపు వేసేవారు. 1850లో ఆ పన్ను ఎత్తేశారు, అప్పటికి ఈ వంతెన పని నడుస్తోంది. దాదాపు 70 లక్షల ఇటుకలు పట్టిన కట్టడం ఇది. అంతటా ఒకే కొలత ఉంటుందని ముందే అనుకోవద్దు. తర్వాతి కాలపు మరమ్మతుల్లో వాడిన ఇటుక కొలత ఇంకోటి.

స్పాన్‌ను ఆర్చి మొదలు దగ్గర లేజర్‌తో అడ్డంగా కొలవండి. సరిగ్గా మధ్యన నిలబడి పైకి కొట్టి, అందులోంచి ఆర్చి మొదలు ఎత్తు తీసేస్తే నడినెత్తి ఎత్తు వస్తుంది. ఈ రెండు అంకెలతో ఆర్చి తన ఆకారంలో ఉందో లేదో తేల్చొచ్చు. ఉదాహరణకు స్పాన్ 12 మీటర్లు, ఎత్తు 5 మీటర్లు అనుకోండి. స్పాన్ వర్గాన్ని ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగించి, ఎత్తులో సగం కలిపితే వ్యాసార్ధం: 144ను 40తో భాగిస్తే 3.6, దానికి 2.5 కలిపితే 6.1 మీటర్లు. ఆర్చి నిజంగా వృత్తఖండమే అయితే పావు స్పాన్ దగ్గర, అంటే మొదలు నుంచి 3 మీటర్ల చోట, ఎత్తు 4.21 మీటర్లు రావాలి. ఒక పక్క 4.21, రెండో పక్క 4.12 వస్తే ఆర్చి ఒరిగి ఉండొచ్చు. లేజర్ మిల్లీమీటర్లలో చెప్పినా మీ చేయి వంకర వల్ల రెండు మూడు సెంటీమీటర్ల తేడా మామూలే. మూడుసార్లు కొలిచి మధ్య అంకె తీసుకోండి. కట్టేటప్పుడే వచ్చిన తేడా కూడా కావచ్చు, కాబట్టి ఇరుగుపొరుగు ఆర్చీలతో పోల్చకుండా ఏమీ తేల్చొద్దు.

కొలతలు చేతికొచ్చాక ఎంత బరువు మోస్తుందో లెక్కేయాలనిపిస్తుంది. రోడ్డు వంతెనలకు మెక్సే అనే తేలిక సూత్రం ఉంది, ఇంటర్నెట్‌లో సులువుగా దొరుకుతుంది. అది 18 మీటర్ల లోపు ఆర్చీలకు, కదలని ఆధారాల మీద ఉన్నవాటికి చెప్పింది. ఎత్తైన స్తంభాల మీద వరసగా నిలిచిన రైలు ఆర్చీలకు వేసి చూస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

నీటి జాడ

కంకర గుండా దిగిన వాన లోపలి మట్టిలో ఇంకి, స్తంభాల నెత్తిన పల్లంగా ఉన్నచోట చేరుతుంది. అక్కడినుంచి తూముల ద్వారా బయటికి పోవాలి. తూము పూడిపోతే నీరు తన దారి తాను చూసుకుంటుంది. కనిపించే మరకలన్నీ ఆ దారి గుర్తులే.

ముందు రంగు. తెల్లగా, గట్టిగా, పెంకులా ఉన్నది మాలులోంచి కరిగొచ్చిన సున్నం. అది పొట్టనుంచి సన్నటి పుల్లల్లా వేలాడుతుంటే నీరు చాలాకాలంగా అదే చోట దిగుతోందని అర్థం. పుల్ల కొసన నీటిబొట్టు ఉంటే ఊట ఇప్పటికీ నడుస్తోంది. బాగా ఎండి మసిబారి ఉంటే ఎప్పుడో మరమ్మతు జరిగి ఊట ఆగి ఉండొచ్చు. తెల్లగా దూదిలా, చేత్తో తుడిస్తే పోయేది ఉప్పు. అది ఇటుక తడి ఆరుతున్న గుర్తే తప్ప పెద్ద చింత కాదు. గోధుమ ఎరుపు చారలు లోపలున్న ఇనుము తుప్పువి. నలుపు చాలావరకు ఆవిరి ఇంజన్ల కాలపు మసి. దాన్ని లోపంగా రాయొద్దు, కానీ మసి పొర కింద సన్నటి పగుళ్లు దాక్కుంటాయని తెలిసి ఉండాలి. మసి మీద ఎర్రటి ఇటుక గీత మెరిస్తే ఆ పగులు కొత్తది.

తర్వాత చోటు. ఆర్చి మొదలుకు కాస్త పైన, భుజం దగ్గర తడి ఉంటే ముందుగా అనుమానించాల్సింది పూడిన తూముని. పొట్ట అంచునుంచి రెండు మూడడుగులు లోపలికి, అంచుకు సమాంతరంగా తెల్లచార పోతుంటే పక్కగోడ లోపలి అంచు వెంబడి ఆర్చి చీలి, నీరు ఆ చీలికలోంచి దిగుతోందన్నమాట. నడినెత్తి దగ్గర తడి ఉంటే పైనున్న నీటినిరోధక పొర పాడైంది. ఇక్కడ మట్టి మందం అన్నిటికన్నా తక్కువ, నీరు నేరుగా దిగుతుంది.

ఇటుక పెచ్చులూడిన చోట మాలు వైపు చూడండి. ఇటుక లోపలికి పోయి, సందుల్లో మాలు మాత్రం గళ్లుగళ్లుగా ముందుకు నిలబడి ఉంటే తప్పు ఇటుకది కాదు. ఆ కాలపు సున్నం మాలు మెత్తనిది, తడిని తన గుండా బయటికి పోనిస్తుంది. దాన్ని తవ్వి గట్టి సిమెంటుతో పాయింటింగ్ చేస్తే, అంటే సందులు నింపితే, తడికి సందుల్లో దారి మూసుకుపోయి ఇటుకలోంచే బయటికి రావాల్సొస్తుంది. చలికి ఆ తడి గడ్డకట్టి ఉబ్బి ఇటుక ముఖాన్ని తోసేస్తుంది. సరైన మరమ్మతు అంటే సందును దాని వెడల్పుకు కనీసం రెండింతలు లోతుగా, ఎలాగూ 25 మిల్లీమీటర్లకు తగ్గకుండా తవ్వి, సహజ హైడ్రాలిక్ సున్నం (తడిలోనూ గట్టిపడే సున్నం) ఒక పాలు, గరుకు ఇసుక రెండున్నర నుంచి మూడు పాళ్లు కలిపి నింపడం. 5 డిగ్రీల కన్నా చలి ఉంటే చేయకూడదు, చేశాక కొన్నాళ్లు గోనె కప్పి తడి ఆరకుండా చూడాలి. ఈ పని యజమానిది, మీది కాదు. పాత పాయింటింగ్ ఏ రకమో గుర్తించి రాస్తే చాలు.

నల్లని నీలపు ఇటుకల అతుకులు కనబడితే అవి తర్వాతి మరమ్మతులు. గట్టిగా కాల్చిన ఇంజినీరింగ్ ఇటుకతో చెడిన భాగాన్ని కొత్తగా కట్టారన్నమాట. అతుకు బాగానే ఉంటుంది. అతుకు అంచు చుట్టూ పాత ఇటుక ఎలా ఉందో చూడాలి, కొత్త జబ్బు సాధారణంగా అక్కడ మొదలవుతుంది.

పగుళ్లు

పగులు ఏ దిక్కుగా పోతోందన్నదే అసలు ప్రశ్న. వెడల్పు రెండో మాట.

పట్టాల దిక్కుగా, అంచుకు దగ్గరగా పోయే పగులు పక్కగోడ బయటికి జరుగుతున్న గుర్తు. లోపలి తడిమట్టి, రైలు అదురు గోడను తోస్తాయి. అక్కడ పైన గోడ ముఖం మీద గుండ్రటివో, అడ్డగుర్తు ఆకారంలోవో ఇనుప బిళ్లలు ఉంటే, ఒక ముఖం నుంచి రెండో ముఖానికి ఇనుప కడ్డీ దూర్చి బిగించారని అర్థం. గోడ ఎప్పుడో జరిగితేనే కడ్డీ వేస్తారు. బిళ్ల కింద కొత్త తుప్పు చార ఉందా, బిళ్ల చుట్టూ ఇటుక నలిగిందా చూడండి. పట్టాల దిక్కుగానే పొట్ట నడుమన పోయే పగులు వేరు. స్తంభం ఒక సగం రెండో సగం కన్నా ఎక్కువ కుంగినప్పుడు వస్తుంది. అదే పగులు స్తంభం మీదికి కూడా దిగిందేమో వెతకాలి.

పట్టాలకు అడ్డంగా, ఆర్చి మొదలుకు సమాంతరంగా పోయే పగులు ఆర్చి అక్కడ మడత పడుతోందని చెబుతుంది. ఒకటుంటే ఆర్చి సర్దుకుని నిలుస్తుంది. నూరేళ్లకు పైగా అలా నిలిచినవి చాలా ఉన్నాయి. నాలుగు చోట్ల మడత ఏర్పడితే మాత్రం ఆర్చి కూలేందుకు దారి సిద్ధమైనట్టే. అందుకే ఒక అడ్డ పగులు కనిపించగానే ఆగిపోకుండా మిగతా మూడు చోట్లు, పక్కనుంచి కనిపించే ఆర్చి పై అంచుతో సహా, వెతకాలి. మూల నుంచి నడినెత్తి వైపు ఏటవాలుగా పోయేది ఒక స్తంభం ఒక మూలన కుంగిన గుర్తు.

వలయాలు విడిపోయాయా అన్నది ముఖం అంచున తెలుస్తుంది. రెండు వలయాల మధ్య మాలు గీత మామూలుగా సన్నగా ఉంటుంది. అది నల్లటి నీడగా మారి, కింది వలయం కొద్దిగా జారినట్టుంటే అనుమానించాలి. టార్చి పక్కనుంచి కొడితే నీడ తేలుతుంది. పొట్ట లోపలి భాగంలో విడిన వలయం మాత్రం కంటికి కనబడదు, సుత్తి మోతే చెబుతుంది. మీ రికార్డులో "కంటికి కనబడలేదు" అని రాయండి, "లేదు" అని కాదు.

వెడల్పు చేతికందే చోట కార్డుతో కొలవండి. ఇళ్ల గోడల పగుళ్లకు వాడే తరగతుల పట్టిక ఇక్కడ పనికిరాదు. చలికాలంలో ఇటుక ముడుచుకుని పగులు తెరుచుకుంటుంది, వేసవిలో మూసుకుంటుంది. జనవరి కొలతను జూలై కొలతతో పోలిస్తే వంతెన బాగుపడుతోందన్న తప్పుడు సంతోషం కలుగుతుంది. ఏ నెల కొలతను మరుసటేడు ఆ నెల కొలతతోనే పోల్చాలి.

రైలు వెళ్లేటప్పుడు అనుమానమున్న చోట బైనాక్యులర్స్ పెట్టి కదలకుండా నిలబడండి, సరిగ్గా దాని కింద మాత్రం కాదు. పగులు అంచులు ఒకదానితో ఒకటి కదులుతున్నాయా, సందులోంచి నీటి చుక్కలు చిమ్ముతున్నాయా, మాలు పొడి రాలుతోందా? కదలని పగులు పాత కథ కావచ్చు. రైలు రైలుకీ ఊపిరి తీసినట్టు తెరుచుకు మూసుకునేది వెంటనే చెప్పాల్సిన సంగతి. ప్రయాణికుల రైలుకూ బరువైన గూడ్సుకూ తేడా రాసుకోండి.

నది మీది రెండు ఆర్చీలు

వీటిని చూడటానికి పక్కనే ఉన్న రోడ్డు వంతెన అనువైన చోటు. అది సుమారు 1400లో డరమ్ బిషప్ వాల్టర్ స్కర్లా కట్టించిన రాతి వంతెనకు తర్వాత వెడల్పు పెంచిన రూపం. దాని స్థానంలోకి రావాల్సిన ఇనుప వంతెన 1806లో కూలిపోయింది, రాతిదే మిగిలింది.

ఏటవాలు ఆర్చిలో రాళ్ల వరసలు ఆర్చి మొదలుకు సమాంతరంగా ఉండవు, మర తిరిగినట్టు పొట్ట మీద మెలికపడి పోతాయి. కొత్తగా చూసేవాళ్లు ఆ మెలికనే వంకర అనుకుంటారు. బరువు విశాలమైన మూలల మధ్య దగ్గరి దారి పట్టి పోతుంది, ఇరుకు మూలల్లో రాళ్ల అంచులు పలచన. అందుకే చెక్కలూడటం, సందులు తెరుచుకోవడం ముందుగా ఆ ఇరుకు మూలల్లోనే వెతకాలి.

నీటిలో నిలబడ్డ స్తంభానికి అసలు ముప్పు అడుగున కోత. వరద వేగానికి స్తంభం చుట్టూ ఇసుక, గులకరాళ్లు కొట్టుకుపోయి గుంత పడుతుంది. వరద తగ్గేటప్పుడు ఆ గుంత మళ్లీ వదులు మట్టితో పూడుతుంది. కాబట్టి వరద పోయాక నది అడుగు మామూలుగా ఉందని నిశ్చింతగా ఉండకూడదు. వేల్స్‌లో గ్లాన్రిడ్ వంతెన 1987 అక్టోబర్‌లో ఇలాగే కూలి, రైలు నదిలో పడి నలుగురు చనిపోయారు. స్కాట్లండ్‌లో లామింగ్టన్ వయాడక్ట్ స్తంభం 2015 డిసెంబర్ 31న ఇదే కారణంతో దెబ్బతిని, మార్గం వారాలపాటు మూతపడింది.

ఒడ్డు నుంచి మీరు చూడగలిగేవి ఇవి: స్తంభానికి ఎగువన చెట్ల మోళ్లు, చెత్త చేరాయా? అలా చేరితే నీటికి స్తంభం వెడల్పు పెరిగినట్టే, కోత లోతవుతుంది. నీరు తగ్గిన రోజుల్లో ఇంతకుముందు కనబడని పునాది మెట్టు బయటపడిందా? స్తంభం పక్కన పేర్చిన పెద్ద రాళ్లు జరిగాయా? 1995లో టీస్ బ్యారేజీ వచ్చాక యార్మ్ దగ్గర సముద్రపు పోటుపాట్లు ఆగాయి. అంతకుముందు ఫొటోల్లోని నీటిమట్టాన్ని ఇప్పటిదానితో పోల్చేటప్పుడు ఆ తేడా మనసులో పెట్టుకోవాలి.

రాయడం, చెప్పడం

ఒక్కో లోపానికి ఒక్క వరస: ఆర్చి నంబరు, గడి, ఏం కనిపించింది, కొలత, తడో పొడో, ఫొటో నంబరు, తేదీ. కారణానికి వేరే కాలమ్ పెట్టి, మొత్తం 43 చూశాకే నింపండి. పక్కపక్క ఆర్చీల్లో అదే గడిలో అదే లోపం వస్తుంటే కారణం కట్టిన తీరులోనో తూముల్లోనో ఉంటుంది. ఒక్క ఆర్చిలోనే ఉంటే ఆ స్తంభం దగ్గర వెతకాలి. ప్రతి ఫొటోకు నిలబడిన చోటు కూడా రాయండి, మళ్లీ వచ్చినవాళ్లు అక్కడే నిలబడాలి.

ఇటుక రాలి దారిన పోయేవాళ్ల మీద పడేలా ఉన్నా, పగులు రైలుతో పాటు కదులుతున్నా, ఏదైనా వాహనం వంతెనను గుద్దినా రికార్డు పూర్తయ్యేదాకా ఆగొద్దు. రైలు వంతెనల మీద, ముఖ్యంగా రోడ్డు దాటే చోట్ల, వంతెన గుర్తింపు సంఖ్య, ఫోన్ నంబరు ఉన్న పలక ఉంటుంది. దానికి ఫోన్ చేసి ముందు ఆ సంఖ్య, తర్వాత మీరు చూసింది చెప్పండి. పలక కనబడకపోతే నెట్‌వర్క్ రైల్ హెల్ప్‌లైన్ రోజంతా పనిచేస్తుంది. పగుళ్లలో గబ్బిలాలు కాపురముంటే అదీ రాయండి. 1981 వన్యప్రాణి చట్టం వాటిని కాపాడుతుంది, పగులు పూడ్చేముందు యజమాని ఆ సంగతి చూసుకోవాల్సి ఉంటుంది.